కరుణ ఒక్కటి చాలునా?

కళింగదేశమును గూర్చి లోకము చదువుకొనిన మొదటి మాట ఒక మరణసంఖ్య. క్రీస్తుకు పూర్వము సుమారు 261వ సంవత్సరమున మౌర్యచక్రవర్తి అశోకుడు ఆ దేశమును జయించి, అటుపిమ్మట పశ్చాత్తప్తుడై, లక్షమంది హతులైరనియు, లక్షన్నరమంది చెరగొనిపోబడిరనియు, అంతకు అనేకరెట్లు ఇతరవిధముల నశించిరనియు తన పదమూడవ శిలాశాసనమున చెక్కించెను. తన విజయమును తానే నిందించుకొనిన రాజు చరిత్రలో అరుదు గనుక ఆ శాసనము లోకమునకెల్ల పూజ్యమైనది. మన కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలమీదను అది కలదు. కాని ఏ దేశమును గూర్చి అది వ్రాయబడెనో ఆ దేశమున, అనగా ధౌళియందును, ఇచ్ఛాపురమునకు ఉత్తరమున గంజాము సీమలోని జౌగడయందును, అది కానరాదు. దానికి మారుగా అచట రెండు ప్రత్యేకశాసనములు చెక్కబడినవి. ప్రజలెల్లరును రాజునకు బిడ్డలవంటివారనియు, వారిని అకారణముగ బంధించుటయు బాధించుటయు కూడదనియు అధికారులను హెచ్చరించు శాసనములవి. గాయపడిన ప్రజ కన్నులయెదుట ఆ గాయమునే మరల చెక్కుట రాజనీతి కాదని అశోకుడు తలచియుండునని పండితులు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. అయినను ఆ రెండు బండలనడుమ నాకు ఇంకొక సత్యము గోచరించుచున్నది. ఎర్రగుడిలో చదువువానికి కళింగుడు మృతులలో ఒక్కడు. జౌగడలో చదువువానికి అతడు మరునాటి ఉదయమున న్యాయాధికారి వాకిట నిలిచి తనకు రావలసినది అడుగబోవు మనుష్యుడు.

ఒక ప్రజను వారి దుఃఖముచేతనే ఎరుగుట ధర్మమగునా? పరుల వేదనను చూచి మన హృదయము కరగినంతమాత్రమున వారియెడ మన ఋణము తీరునా? ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న ఇది.

ఆ ప్రాచీనకళింగమున చేరిన నేటి శ్రీకాకుళపు సీమలో, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, వజ్రపుకొత్తూరు ప్రాంతములు గల ఉద్దానపు తీరమును, దానికి దక్షిణమున టెక్కలి సీమను ఎరిగినవారికి ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచునే యుండును. ఆ సీమ పేరు రాష్ట్రమంతట వినబడిన సందర్భములను వరుసగా తలచుకొనుడు. 1940 మార్చిలో పలాసయందు అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగిన కొలది దినములకే, మందస జమీందారీ అడవులలో కట్టెలు కొట్టుకొను హక్కును గూర్చిన తగవున గుడారి రాజమణిపురమునందు తుపాకులు పేలి, గున్నమ్మ అను రైతుస్త్రీ నేలకొరిగెను. 1967 మొదలుకొని నడచిన గిరిజన రైతాంగ పోరాటమున ఉద్దానపు పల్లెయగు బొడ్డపాడు పేరు దేశమంతట ప్రాకెను. జముకులకథ చెప్పి జనమును కదలించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో కాల్చివేయబడెను. 2010 జూలై 14న సోంపేట బీలయను చిత్తడినేలలో థర్మల్ విద్యుత్కేంద్రము వలదనినవారిపైనను, 2011 ఫిబ్రవరి 28న టెక్కలికి చేరువనున్న కాకరాపల్లిలో అట్టివారిపైననే మరల కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి, తరతరముల కొబ్బరితోటలను ఒక్క పూటలో నేలకూల్చెను. వీనికన్నిటికిని మించి, కారణము ఇదమిత్థమని నేటికిని తేలని మూత్రపిండవ్యాధి ఇంటింట ప్రవేశించి, కష్టించి పనిచేయు వయసువారిని డయాలసిస్ మంచములకు చేర్చుచున్నది. శ్రీలంకలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలోను ఇటువంటి వ్యాధియే శ్రామికులను పీడించుచున్నదని వైద్యులు చెప్పుదురు.

ఇందులో ఏ ఒక్కటియు అసత్యము కాదు. మరువదగినదియు కాదు. మరువుమని చెప్పువాడు మృతులకును జీవించియున్నవారికిని ద్రోహము చేసినవాడగును. కాని సత్యములో ఒక భాగమును సమస్తముగా ఎంచినపుడు అందుండియే ఒక అసత్యము పుట్టును. ఉద్దానమనగనే తుపాకియో, తుపానో, డయాలసిస్ యంత్రమో మనసున మెదలుట అలవాటైన పిదప, ఆ సీమ పల్లెలకు పిల్లనిచ్చుటకును, అచటి పిల్లను చేసికొనుటకును బయటి ఊళ్లవారు వెనుకాడు దినములు వచ్చినవి. జాలిపడిన లోకమే ఆ జాలిచేత వారిని వెలివేయుచున్నది. ఒక వ్యాధి శరీరమునకు చేయగల కీడు ఎంతయో వైద్యులెరుగుదురు. ఆ వ్యాధి పేరే ఊరి పేరైనపుడు ఆ ఊరి యువతీయువకులకు కలుగు కీడును కొలుచు పరికరము మాత్రము ఏ ఆసుపత్రియందును లేదు.

ఇట్టి గతి ఉద్దానమునకు మాత్రమే పట్టినది కాదు. పాలస్తీనా ప్రజను లోకము దశాబ్దములుగా శిథిలములనడుమనే చూచుచున్నది. నాబ్లుస్ పట్టణమున ఆలివు నూనెతో సబ్బు వండు వృత్తి శతాబ్దములుగా నిలిచియున్నదనియు, హెబ్రానులో గాజు ఊదు కుటుంబములున్నవనియు, ప్రతి శరత్తునందును పిల్లాపాపలతో తోటలకు పోయి ఆలివుకాయ దులుపుట అచట పంటయు పండుగయు నగుననియు, అచటి విశ్వవిద్యాలయములలో ఆడుపిల్లల సంఖ్య మగపిల్లల సంఖ్యను మించినదనియు ఎందరెరుగుదురు? గాజాలో బడులును ఇండ్లును ఆసుపత్రులును నేలమట్టమైన ఈ కాలమున ఆ వినాశమునకు కన్నీరు పెట్టనివాని హృదయము పాషాణమే. అయినను కూలినదేమో తెలియవలెనన్న, నిలిచియున్ననాడు అది ఎట్లుండెనో తెలిసియుండవలెను గదా! బ్రతుకును ఎరుగనివాడు చావును గూర్చి పెట్టు కన్నీటికి లోతు తక్కువ.

మన పూర్వులు చిత్తశుద్ధికి సాధనములుగా మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అను నాలుగు భావనలను చెప్పిరి. పతంజలి తన యోగసూత్రములలో వీనిని నలుగురికి పంచియిచ్చెను: సుఖవంతుల యెడ మైత్రి, దుఃఖితుల యెడ కరుణ, పుణ్యాత్ముల యెడ ముదిత, పాపుల యెడ ఉపేక్ష. బౌద్ధులు వీనినే బ్రహ్మవిహారములని పేర్కొని, ఈ నాలుగింటిని ఏ విభాగము లేక సమస్తజీవుల యెడ దిక్కులన్నింట వ్యాపింపజేయుమనిరి. వంశధారాతీరమున శాలిహుండము కొండపై నేటికిని శిథిలముగ నిలిచియున్న స్తూపచైత్యములనడుమ నివసించిన భిక్షువులు ఈ భావనలనే అభ్యసించినవారై యుందురు. ఈ రెండు మార్గములలో పతంజలి విభాగము సాధకుని మనశ్శాంతికి చాలును; కాని ఒక సమాజమును ఎరుగగోరువానికి బౌద్ధుల మార్గమే శరణ్యమని నా నమ్మకము. ఏలయనగా సుఖియు, దుఃఖితుడు, పుణ్యాత్ముడు, దోషి అని నలుగురు వేర్వేరు మనుష్యులు ఏ ఊరను లేరు. భర్తకు వారమునకు రెండుమూడుసార్లు డయాలసిస్ చేయించుచున్న ఇల్లాలే జీడిపప్పు వలుచుటలో ఊరికెల్ల నేర్పరి. ఆమెయే పొదుపుసంఘమున పది మంది అప్పుకు పూచీపడు పెద్ద. కూతురిని నర్సింగు చదివించుచున్న తల్లియు ఆమెయే. ఆమెను దుఃఖితుల పట్టికలో చేర్చి కరుణను మాత్రమే పంపినచో, తక్కిన ముగ్గురు స్త్రీలను మనము లేనివారిగా చేసినట్లే.

బుద్ధఘోషాచార్యుడు విశుద్ధిమార్గమను గ్రంథమున ఒక సూక్ష్మమును చెప్పెను. ప్రతి భావనకును దూరశత్రువు ఒకటియు, ఆసన్నశత్రువు ఒకటియు కలవు. కరుణకు దూరశత్రువు హింస. దానిని ఎవ్వడైనను గుర్తింపగలడు. ఆసన్నశత్రువు మాత్రము కరుణయొక్క వేషమునే ధరించి ప్రక్కన కూర్చుండును. అది దౌర్మనస్యము, అనగా చూచినవాని మనసును క్రుంగదీయు విషాదము. ఆ విషాదమున మునిగినవాడు తాను పరులకొరకు ఏడ్చుచున్నానని తలచును గాని, అతని దృష్టి అప్పటికే పరులను విడిచి తన కన్నీటిపైకి మరలియుండును. పత్రికలలో బొమ్మను చూచి నిట్టూర్చి పుట త్రిప్పివేయు మనకందరికిని ఈ హెచ్చరిక వర్తించును.

కావున మొదట మైత్రిని విచారింతము. మైత్రికి సమానత్వము మూలము. ఒకరి పనిని ఎరుగక వారితో సమానత్వము కలుగదు. బ్రెజిలు దేశపు చెట్టును పోర్చుగీసువారు మన పడమటి తీరమునకు తేగా, అది క్రమముగ తూర్పుతీరమునకును వ్యాపించి, ఉద్దానపు ఇసుకనేలలలో జీడిమామిడితోటలై నిలిచెను. నేడు పలాస–కాశీబుగ్గ జంటపట్టణములలో రెండువందలకు మించిన జీడిపప్పు పరిశ్రమలు కలవు. అందు పనిచేయువారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. ఒకప్పుడు పిక్కలను కాల్చి, కొయ్యసుత్తితో కొట్టి పగులగొట్టెడివారు. ఇప్పుడు ఆవిరిపై ఉడికించి, ఆరబెట్టి, కత్తిగల చిన్న యంత్రముతో పెంకును చీల్చి, పప్పును వేడిగదిలో ఎండించి, ఎర్రని పొరను వలిచి, గుండును బద్దను ముక్కను వేరు చేయుదురు. పౌనుకు 180 తూగు గుండు వేరు, 210 తూగునది వేరు, 240, 320 తూగునవి వేరు. ఈ భేదములను త్రాసు లేక కంటిచూపుతో, వ్రేలికొనతో తేల్చివేయు ఆ స్త్రీల విద్య ఏ పాఠశాలయు నేర్పినది కాదు. స్థానికమైన పంట చాలక ఐవరీకోస్టు, టాంజానియా మొదలగు ఆఫ్రికా దేశములనుండి ఓడలపై పచ్చిపిక్క వచ్చుచున్నది. ఆ పిక్క కాశీబుగ్గ వీథులలో పప్పై దేశమంతట పెండ్లివిందులకును దేవుని ప్రసాదములకును చేరుచున్నది. ఆఫ్రికాలో చెట్టు పెంచిన రైతునకును, ఉత్తరదేశమున మిఠాయి చేయువానికిని నడుమ ఒక ఉద్దానపు స్త్రీ చేయి కలదు. ప్రపంచవాణిజ్యమనునది మహానగరముల మేడలలో మాత్రమే నడచునని భ్రమించువారు ఆ చేతిని చూచుట మేలు.

టెక్కలికి చేరువను రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి వెలసియున్నాడు. ఆ స్వామికి పైకప్పు లేదు; మహాలింగము ఎండకు ఎండుచు, వానకు తడియుచు నిలిచియుండును; అట్లుండుటయే ఆయనకు ప్రీతియని భక్తుల విశ్వాసము. ఉప్పుమళ్లలో నౌపడ కూలీలును, రాతిగనులలో టెక్కలి కార్మికులును, తోటలలో ఉద్దానపు రైతులును ఏ ఎండలో పనిచేయుదురో ఆ ఎండలోనే వారి దైవమును నిలిచియున్నాడు. నీడనుండి చేయి చాచి అనుగ్రహించుట కరుణ కావచ్చును. అదే ఎండలో నిలుచుట మైత్రి. ఆ క్షేత్రముయొక్క తత్త్వము ఇదియేనని నేను భావించుచున్నాను.

ముదిత అనగా పరుల అభ్యుదయమును చూచి సంతోషించుట. నాలుగింటిలో ఇది కష్టతమము. పరుల దుఃఖమునకు కరగుట మన అహంకారమునకు అడ్డుగాదు. వారి ఎదుగుదలకు హర్షించుటకు అహంకారము కొంత తగ్గవలెను. ఉద్దానమున హర్షింపదగినది చాల కలదు. గున్నమ్మ కట్టెలకొరకు ప్రాణమిచ్చిన ఎనిమిదేండ్లకు, 1948లో మద్రాసు ప్రభుత్వము జమీందారీల రద్దుచట్టము చేసెను. మందస, టెక్కలి సంస్థానముల గడపలయందు చేతులు కట్టుకొని నిలిచినవారి మనుమలు నేడు సర్పంచులై, ఉపాధ్యాయులై, పరిశ్రమల యజమానులై యున్నారు. తిత్లీ తుపాను పిదప కూలిన చెట్లను తొలగించి మరల కొబ్బరిమొక్క నాటిన రైతు, ఆ మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు కాచుకొనవలెనని ఎరిగియే నాటెను. తన అప్పును ఎట్లు తీర్చునో తెలియని దినమున ఏడేండ్ల తరువాతి కాయకొరకు గొయ్యి త్రవ్వినవాని విశ్వాసమునకు మతగ్రంథములు పెట్టిన పేర్లన్నియు చెల్లును. ఒకనాడు కళింగపట్నము, బారువ రేవులనుండి రంగూనుకు కూలికై ఓడలెక్కినవారి వంశములవారు ఇప్పుడు వెల్డరులుగా, ఫిట్టరులుగా గల్ఫుదేశములకు పోవుచున్నారు. అండమానులో స్థిరపడిన తెలుగువారిలో ఈ ప్రాంతపువారు అనేకులు. సైన్యమున చేరు యువకులును ఎందరో. 2000వ సంవత్సరమున స్త్రీల పొదుపుసంఘములకు ఊతమిచ్చు వెలుగు పథకము మొదలైన ఆరు జిల్లాలలో శ్రీకాకుళము ఒకటి. పొదుపుసంఘమున కూర్చుండి లెక్క చూచి సంతకము చేయు స్త్రీ, వేలిముద్ర వేసిన తన తల్లికంటె ఎంత దూరము నడచినదో ఆ తల్లియే చెప్పవలెను. బీలభూములకొరకు నిలిచినవారిని మనము నిరసనకారులుగా మాత్రమే ఎరుగుదుము. కాని బీలలోని నీరు ఏ పొలమునకు పారునో, ఏ మడుగున ఏ చేప దొరకునో, వేసవిలో పశువులకు మేత ఎచట మిగులునో ఎరిగిన ఆర్థికశాస్త్రము వారిది. ఆ శాస్త్రమే వారిచేత వలదనిపించినది.

ఇక ఉపేక్ష. ఇది నిర్లక్ష్యమని సామాన్యముగ తలతురు. అజ్ఞానముచే కలుగు ఆ నిర్లక్ష్యమే ఉపేక్షకు ఆసన్నశత్రువని బుద్ధఘోషుడు చెప్పెను. నిజమైన ఉపేక్ష సమదృష్టి. మంచిని చూచి పొంగిపోక, చెడును చూచి కన్నుమూయక తూచుట. ఆ తూనికలో ఉద్దానపు మార్పు మచ్చలేనిదిగా తేలదు. పిక్కపెంకులోని జీడినూనె స్త్రీల వ్రేళ్లను నల్లబరచి కాల్చును. యంత్రములు వచ్చినకొలది చేతిపనికి గిరాకి తగ్గుచున్నది. ఆఫ్రికా పిక్క ధర పెరిగినను, డబ్బా పప్పు ధర తగ్గినను మొదట కోతపడునది కూలిపైననే. గల్ఫునుండి వచ్చు ధనముతో లేచిన మేడలలో ముసలి తలిదండ్రులు మాత్రమే యున్నారు; ఏజెంటుల మాట నమ్మి పోయి చిక్కుపడినవారి కథలును తక్కువ గావు. టెక్కలి సీమ నీలిరాయి దూరదేశముల భవనములకు అలంకారమగుచుండగా కొండలు కరగుచున్నవి. 2023 ఏప్రిలులో మూలపేటయందు శంకుస్థాపన జరిగిన రేవు ఎవరికి పని కల్పించునో, ఎవరి వలను తీరమునుండి తొలగించునో ముందు ముందు తేలవలెను. తేలినీలాపురపు చింతచెట్లపై ఏటేట గూళ్లు కట్టు పక్షులకు సైతము ఆ లెక్కలో భాగము కలదు. శ్రీకాకుళపు బిడ్డ కాళీపట్నం రామారావు తన యజ్ఞము కథలో, ఊరు బాగుపడినదని అందరును సంతోషించువేళ ఆ బాగుయొక్క భారమును మోసినదెవ్వరని అడిగెను. ఆ ప్రశ్నను అడుగక చేయు ముదిత స్తోత్రపాఠమగును.

ఇచట ఒక ఆక్షేపణ వినబడును. గాయములు మానకముందే ఎదుగుదలను గూర్చి మాటలాడుట పీడకులకు మేలు చేయుట కాదా? వీరు సుఖముగనే యున్నారని ప్రభుత్వములు తప్పించుకొనవా? ఈ భయము అకారణము కాదు. దానిని నేను గౌరవించుచున్నాను. అయినను సమాధానము ఆ భయమునకు ఎదుటిదిక్కుననే కలదు. కేవలము దుఃఖితుడైనవానికి లోకము ఇయ్యదలచునది దానము; దానము దాత ఇచ్చకొద్ది వచ్చును, ఇచ్చకొద్ది ఆగును. పనిచేయువాడని, నేర్పు గలవాడని, తనవంటివాడని ఎరిగినవానికి లోకము చెల్లింపవలసినది న్యాయము. దానికి వాయిదా లేదు. ఉద్దానపు వ్యాధి వెలుగులోనికి వచ్చిన రెండు దశాబ్దములకు గాని హిరమండలము జలాశయమునుండి మంచినీరు తెచ్చు పథకమును, పలాసయందు రెండువందల పడకల పరిశోధనాకేంద్రపు ఆసుపత్రియు ప్రారంభము కాలేదు; అవి 2023 డిసెంబరున వచ్చినవి. ఇన్నేండ్ల జాప్యమునకు లోకమున కరుణ లోపించుట కారణమా? కన్నీరు అన్నివైపులనుండి పుష్కలముగ వచ్చుచునే యుండెను. లోపించినది మైత్రి, ఈ నీరు మా ఇంట లేకున్న ఒక దినమైనను ఓర్తుమా అను సమభావము. కరుణ పరునికి మందు తెచ్చును. మైత్రి పరునితో కలిసి మంచినీటి హక్కును అడుగును. గున్నమ్మ అడిగినది జాలి కాదు, తన అడవిలో తన కట్టె. బీలలో నిలిచినవారు అడిగినదియు తమ నీరు, తమ నేల. మృతులను సైతము మనము దుఃఖమునకు చిహ్నములుగా మాత్రమే తలచినచో, వారు దేనికొరకు నిలిచిరో ఆ విషయమునే మరచినవారమగుదుము.

కావున మైత్రి, ముదిత, ఉపేక్షలు కరుణకు విరోధులు కావు. కరుణను విషాదమున మునిగిపోనీయక కాపాడునవి అవియే. ఉద్దానమును గూర్చి వ్రాయువాడు ఆసుపత్రి పడకను గూర్చి వ్రాసిన కలముతోనే పిక్క కొట్టు స్త్రీ కూలియెంతో, ఆమె నేర్పెట్టిదో వ్రాయవలెను. అచటికి ఉద్యోగమునకు పోవు అధికారి సహాయమును పంచుటతో తృప్తిపడక, వారు తమంతట తాము నిర్మించుకొనినదేమో తెలిసికొని దానికి అడ్డు తొలగింపవలెను. పిల్లలకు పాఠము చెప్పువాడు ఈ సీమ పోరాటములతోపాటు ఈ సీమ పంటలను, పరిశ్రమలను, వలసలను చెప్పవలెను. అట్లు చెప్పినపుడు ఆ పోరాటముల అర్థమును పిల్లలకు తేటపడును. పెండ్లిసంబంధము చూచు తండ్రి ఊరి పేరు విని వెనుదిరుగక, ఎదుటనున్న పిల్లవాని గుణమును, పనిని విచారింపవలెను. గాజాను గూర్చియు, మరి యే దూరదేశమును గూర్చియు మన నడవడి ఇట్లే యుండవలెను. పరుల కష్టకాలమున కన్నీరు కార్చుట మనుష్యధర్మమే. వారి సామాన్యదినములను ఆదరముతో ఎరిగియుండుటయు అంతటి ధర్మమే, మొదటిదానికి బలమిచ్చునది ఈ రెండవదియే.